వంటింటి బల్ల మీద పుట్టిన బెలూను: డాక్టర్ ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ జీవితం



ఈ ప్రత్యేక సంచికకు ఆరోగ్య విషయం ఏదైనా రాయమని సంపాదక మిత్రులు అడిగినప్పుడు మొదట వెనుకాడాను. నేను డాక్టరును కాను. 33 ఏళ్ళు లెక్కల సెక్షనులో ఫైళ్ళతో కాలం గడిపి రిటైరైనవాడిని. అయితే నా ఎడమ చేతికి రక్తం తీసుకువెళ్ళే నాళం సన్నబడితే, కోతా కుట్టూ లేకుండా ఒక చిన్న బెలూనుతో దాన్ని తెరిచారు. ఆ బెలూను తయారుచేసిన మహానుభావుడు ఎవరా అని ఆరా తీసి, దొరికినంత చదివాను. ఆయన జీవితాన్ని మీ ముందు పెట్టడమే ఈ వ్యాసం ఉద్దేశం. నా సంగతి ఎంతవరకు అవసరమో అంతవరకే చెబుతాను.

రిటైరైన కొన్నేళ్ళకు నాకు ఎడమ చేత్తో కూరల సంచి మోస్తే చెయ్యి బరువెక్కడం, లాగడం మొదలైంది. దండెం మీద బట్టలు ఆరేస్తుంటే ఒకటి రెండుసార్లు కళ్ళు తిరిగాయి. వయసు మీద పడిందిలే అనుకున్నాను. నేను ఎప్పుడూ చూపించుకునే చోట బి.పి. ఎడమ చేతికే చూసేవారు. 110 దగ్గర ఉండేది. బాగుందనేవారు, నేనూ సంతోషించేవాడిని. ఒకసారి వేరే ఊళ్ళో ఒక డాక్టరుగారు రెండు చేతులకూ చూశారు. ఎడమ చేతికి 110, కుడి చేతికి 170! అంటే నాకు ఏళ్ళ తరబడి రక్తపోటు ఉంది, సరైన పద్దులో ఎవరూ చూడలేదు. ఎడమ మణికట్టు దగ్గర నాడి కూడా సరిగా అందడం లేదని ఆయన చూపించారు.

గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని కొమ్మ ఒకటి కాలర్ ఎముక కిందుగా చేతిలోకి వెళుతుంది. దాన్ని సబ్‌క్లేవియన్ ధమని అంటారు. అది మొదట్లోనే కొవ్వు పేరుకుని సన్నబడితే చేతికి రక్తం చాలదు. ఇలా కావడం కుడి వైపు కంటే ఎడమ వైపే ఎక్కువ. ఇందులో ఇంకో చిక్కు ఉంది. అదే ధమని నుంచి మెడ వెనుకగా మెదడుకు పోయే వెర్టిబ్రల్ ధమని చీలుతుంది. చెయ్యి గట్టిగా పనిచేసినప్పుడు ఆ నాళంలో రక్తం పైకి వెళ్ళడం మాని, వెనక్కి తిరిగి చేతిలోకి దిగుతుంది. మెదడుకు అందవలసినది చెయ్యి లాక్కుంటుందన్నమాట. వైద్యులు దీన్ని దొంగతనంగానే లెక్కగట్టి, ఇంగ్లీషులో స్టీల్ అని పేరు పెట్టారు. మా సెక్షను భాషలో చెప్పాలంటే ఇది నిధుల మళ్ళింపు. నా కళ్ళు తిరగడానికి కారణం అదే.

గజ్జ దగ్గర సూది పొడిచి, అక్కడ నుంచి సన్నని గొట్టం పైకి పంపి, చివరనున్న బెలూను ఉబ్బించి ఆ ఇరుకును వెడల్పు చేశారు. మళ్ళీ మూసుకుపోకుండా ఒక స్టెంట్ పెట్టారు. నేను పూర్తి తెలివిలోనే ఉన్నాను. మర్నాడు రెండు చేతుల బి.పి. దాదాపు సమానమైంది. ఇక అసలు కథకు వస్తాను.

ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ 1939 జూన్ 25న జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో పుట్టారు. పుట్టిన రెండు నెలలకే రెండవ ప్రపంచ యుద్ధం మొదలైంది. ఉపాధ్యాయుడైన తండ్రి ఆ యుద్ధం నుంచి తిరిగి రాలేదు. ఇద్దరు మగపిల్లల భారం తల్లి మీద పడింది. 1950లో ఆమె పిల్లలతో దక్షిణ అమెరికాలోని అర్జెంటీనాకు బంధువుల దగ్గరికి వెళ్ళింది కాని, అక్కడ మనసు నిలవక తిరిగి వచ్చేసింది. వచ్చి చేరింది కమ్యూనిస్టు పాలనలో ఉన్న తూర్పు జర్మనీలోని లైప్‌జిగ్ నగరానికి. అక్కడ ప్రఖ్యాత సంగీతకారుడు బాఖ్ ఒకప్పుడు పాఠాలు చెప్పిన సెయింట్ థామస్ పాఠశాలలో ఆండ్రియాస్ చదువుకుని 1957లో బయటికి వచ్చారు. తర్వాత పశ్చిమ జర్మనీ చేరి, హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివి 1964లో పట్టా పుచ్చుకున్నారు.

డాక్టరయ్యాక ఆయన నేరుగా గుండె జబ్బుల వైపు వెళ్ళలేదు. లండన్ వెళ్ళి గణాంక శాస్త్రం, రోగాలు జనంలో ఎలా వ్యాపిస్తాయో లెక్కగట్టే శాస్త్రం చదివారు. మన లెక్కల మనుషులు ఈ ముక్క గుర్తు పెట్టుకోవాలి. తర్వాతి కాలంలో ఆయనను కాపాడింది ఈ లెక్కల చదువే.

జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో రక్తనాళాల జబ్బులు చూసే ఆసుపత్రిలో పనిచేస్తుండగా ఒక రోగి ఆయనను ఒక ప్రశ్న వేశాడట. కుళాయి పనివాడు గొట్టాన్ని తీగ బ్రష్‌తో శుభ్రం చేసినట్టు, ఆపరేషను లేకుండా రక్తనాళాన్ని శుభ్రం చేయలేరా అని. చదువురాని మాటగా కొట్టిపారేయవలసిన ప్రశ్న కాదది. ఆ సంగతి ఆయనే తర్వాత తన జ్ఞాపకాలలో చెప్పుకున్నారు.

నిజానికి అమెరికాలో ఒకాయన అప్పటికే అటువంటి పని చేశారు. ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్ అనే ఎక్స్‌రే వైద్యుడు 1964 జనవరి 16న, 82 ఏళ్ళ ఒక వృద్ధురాలి కాలి ధమనిలోకి ఒకదాని మీద ఒకటిగా లావు గొట్టాలు తోసి, ఇరుకును వెడల్పు చేశారు. ఆమె పాదం కుళ్ళుతోంది. కాలు తీసేయాలన్నారు, ఆమె ఒప్పుకోలేదు. డాటర్ చికిత్సతో పాదం మానింది, బతికినన్నాళ్ళు తన కాళ్ళ మీద నడిచింది. అయినా ఆయన స్వదేశంలో చాలామంది సర్జన్లు ఆయనను పిచ్చివాడి కింద జమకట్టారు. యూరప్‌లో మాత్రం కొందరు ఆ పద్ధతి నేర్చుకున్నారు. వారిలో ఎబర్‌హార్డ్ జైట్లర్ అనే జర్మన్ వైద్యుడి దగ్గర గ్రుంట్‌జిగ్ ఆ విద్య నేర్చారు. 1969లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో చేరి అక్కడ దాన్ని మొదలుపెట్టారు.

డాటర్ పద్ధతిలో ఒక లోపం ఉంది. నాళాన్ని ఎంత వెడల్పు చేయాలంటే అంత లావు గొట్టం చర్మంలోంచి దూర్చాలి. దారి పొడుగునా కొవ్వును దున్నుకుంటూ పోవాలి. సన్నగా వెళ్ళి, చేరవలసిన చోట మాత్రమే లావు కాగల వస్తువు కావాలి. అంటే బెలూను. కాని మామూలు రబ్బరు బెలూను పనికిరాదు. జాతరలో కొన్న పొడుగాటి బుడగను మధ్యలో వేళ్ళతో నొక్కి ఊదండి. నొక్కిన చోట ఉబ్బదు, రెండు చివరలే ఉబ్బుతాయి. రక్తనాళంలోనూ అంతే. ఇరుకు ఇరుకుగానే ఉంటుంది, పక్కనున్న మంచి భాగం చిరిగిపోతుంది. టైరులో ఉన్న సైకిలు ట్యూబులాగా, నిర్ణీత లావు వరకే ఉబ్బి, ఆపైన ఎంత గాలి కొట్టినా లావెక్కక గట్టిపడే బెలూను కావాలి.

దానికోసం గ్రుంట్‌జిగ్ పరిశోధనశాలకు వెళ్ళలేదు. జ్యూరిక్‌లో తన ఇంట్లో, వంటింటి బల్ల మీద పని మొదలుపెట్టారు. పగలు ఆసుపత్రి డ్యూటీ, సాయంత్రం ఇంట్లో గొట్టాలు, జిగురు, బ్లేడు, దారం. భార్య మిఖాయెలా, ఆసుపత్రిలో ఆయన సహాయకురాలు మరియా ష్లుంఫ్, ఆమె భర్త వాల్టర్ కలిసి ఆ బల్ల చుట్టూ కూర్చునేవారు. ఏ పదార్థం వాడాలో తెలియక, రిటైరైన రసాయనశాస్త్ర ఆచార్యుడు హెన్రిక్ హాఫ్‌ను అడిగారు. పి.వి.సి. వాడి చూడమని ఆయన సలహా ఇచ్చారు. ఇళ్ళలో నీళ్ళ గొట్టాలకు వాడే ఆ జాతి ప్లాస్టిక్కే. పదవీ విరమణ చేసినవారి సలహా ఎంత దూరం పోతుందో చూడండి! సన్నని పి.వి.సి. గొట్టాన్ని వేడి చేసి, లోపల గాలి ఒత్తిడి పెట్టి, నిర్ణీత కొలతకు సాగే బెలూనును సాధించారు.

1974 ఫిబ్రవరి 12న ఆ బెలూను మొదటిసారి మనిషి ఒంట్లో ప్రవేశించింది. నడిస్తే కాలు నొప్పితో ఆగిపోయే 67 ఏళ్ళ రోగికి కాలి ధమని తెరుచుకుంది. తర్వాత ఆయన గొట్టంలో రెండు దారులు పెట్టారు. ఒకటి బెలూను ఉబ్బించడానికి, రెండోది ఒత్తిడి కొలవడానికీ, మందు రంగు ఎక్కించడానికీ. 1975 నుంచి ఈ రెండు దారుల గొట్టం వాడుకలోకి వచ్చింది.

కాలి తర్వాత ఆయన గురి గుండె మీద. కుక్కల మీద చేసిన ప్రయోగాలను 1976లో అమెరికాలోని మయామీలో జరిగిన హృద్రోగ వైద్యుల మహాసభలో ప్రదర్శిస్తే నమ్మినవారు తక్కువ. కొట్టుకుంటున్న గుండె మీది నాళాన్ని బెలూనుతో ఒక్క క్షణం మూసినా మనిషి పోతాడని చాలామంది భయం. 1977 మేలో శాన్‌ఫ్రాన్సిస్కోలో డాక్టర్ రిచర్డ్ మైలర్‌తో కలిసి, బైపాస్ ఆపరేషను జరుగుతున్న రోగులలో, తెరిచి ఉన్న గుండె మీద ముందుగా పరీక్షించి చూశారు.

1977 సెప్టెంబరు 16న జ్యూరిక్‌లో ఆ రోజు వచ్చింది. రోగికి 38 ఏళ్ళు, బీమా కంపెనీ ఉద్యోగి. డాక్టరుదీ అదే వయసు. గుండె ముందువైపు ప్రధాన ధమనిలో మొదట్లోనే చిన్న ఇరుకు. ఆ రోగికి ఆపరేషనంటే భయం. ఇది మనిషికి ఇంతవరకు ఎవరూ ఇలా చేయని పని అని తెలిసీ ఒప్పుకున్నాడు. ప్రమాదం జరిగితే వెంటనే గుండె తెరవడానికి సర్జన్లు సిద్ధంగా నిలబడ్డారు. అలా నిలబడటానికి ఒప్పుకున్న శస్త్రచికిత్స విభాగాధిపతి ఆకె సెనింగ్ పేరు కూడా చెప్పుకోవాలి. ఈ విద్య నెగ్గితే తన విభాగానికి పని తగ్గుతుందని తెలిసీ ఆయన అండగా ఉన్నారు. బెలూను రెండుసార్లు ఉబ్బించారు. రోగి మెలకువగానే ఉన్నాడు. ఇరుకు తెరుచుకుంది. 23 ఏళ్ళ తర్వాత పరీక్షించి చూసినా ఆ నాళం తెరుచుకునే ఉంది.

అదే ఏడాది నవంబరులో మళ్ళీ మయామీ సభలో మొదటి నలుగురి ఫలితాలు చెప్పినప్పుడు సభ చప్పట్లతో మారుమోగింది. ఇక్కడితో కథ ఆపితే ఇది మామూలు విజయగాథ. నా మనసుకు పట్టింది ఆ తర్వాతి సంగతి.

1979లో ఆయన మొదటి 50 మంది రోగుల లెక్క ప్రచురించారు. బెలూను ఫలించినది 32 మందిలో. అయిదుగురికి పరిస్థితి చెడి అత్యవసరంగా బైపాస్ చేయవలసి వచ్చింది. ముగ్గురికి గుండె కండరం దెబ్బతిన్న గుర్తులు కనిపించాయి. ఇవన్నీ ఆయనే రాశారు. ప్రపంచమంతా చప్పట్లు కొడుతుంటే, ప్రతి మూడో రోగి కంటే ఎక్కువ మందిలో నా పని ఫలించలేదని తన చేత్తో తాను రాసుకోవడానికి ఎంత గుండె ధైర్యం కావాలి! జమ మాత్రమే చూపించి ఖర్చు దాచిన పుస్తకాలు నా సర్వీసులో ఎన్నో చూశాను. అందుకే ఈయన పుస్తకం నాకు పవిత్రంగా అనిపించింది. అదే ఏడాది అమెరికా ప్రభుత్వ హృద్రోగ సంస్థ ఈ చికిత్స చేయించుకున్నవారి వివరాలన్నీ ఒకచోట నమోదు చేసే రిజిస్టరు ప్రారంభించింది. ఎవరికి ఎక్కడ మంచి జరిగిందో, ఎక్కడ చెడు జరిగిందో అందరికీ తెలిసేలా కొత్త వైద్యం పెరగడానికి అది దారి చూపింది.

రెండో గుణం, దాపరికం లేకపోవడం. 1978 నుంచి జ్యూరిక్‌లో వైద్యులను పిలిచి, తాను చికిత్స చేస్తుండగా టెలివిజను తెర మీద ప్రత్యక్షంగా చూపించేవారు. జరిగేది అక్కడే, అందరి ముందే. నెగ్గితే నెగ్గినట్టు, తప్పితే తప్పినట్టు. సరిగా నేర్చుకోనివారి చేతిలో ఈ గొట్టం పడితే రోగులు పోతారు, విద్యకూ చెడ్డపేరు వస్తుందని ఆయన ఆందోళన.

జ్యూరిక్‌లో ఆయనకు కేటాయించిన పడకలు చాలేవి కావు. 1980లో అమెరికాలోని అట్లాంటా నగరం, ఎమరీ విశ్వవిద్యాలయానికి వెళ్ళిపోయారు. అక్కడ వేల మందికి చికిత్స చేశారు, వందల మందికి నేర్పారు. మన దేశంలో ఈ చికిత్సకు ఆద్యులలో ముఖ్యుడైన కేరళవాసి డాక్టర్ మాథ్యూ శామ్యూల్ కలరికల్ అట్లాంటాలో ఆయన దగ్గర నేర్చుకుని వచ్చి, 1986లో ఇక్కడ ఆరంభించారు. అలా ఆ వంటింటి బల్ల మన ఊళ్ళ దాకా వచ్చింది.

చేతి ధమని సంగతికి వస్తే, దానికి బెలూను వాడిన తొలి నివేదికలు 1980లో వైద్య పత్రికలలో వచ్చాయి. మెదడుకు పోయే నాళం పక్కనే ఉంది కనుక, కొవ్వు తునకలు పైకి కొట్టుకుపోయి పక్షవాతం వస్తుందేమోనని మొదట జంకారు. ప్రకృతే కొంత కాపలా కాస్తోందని తర్వాత తేలింది. ఇరుకు తెరిచాక కూడా ఆ నాళంలో వెనక్కి పారే రక్తం వెంటనే దారి మార్చుకోదు. కొంతసేపు చేతివైపే పారుతుంది. ఆ కాస్త వ్యవధిలో తునకలేమైనా ఉంటే మెదడుకు కాక చేతిలోకి దిగుతాయి. అంతకుముందు ఈ జబ్బుకు మెడ దగ్గరో, ఛాతీలోనో కోసి చేసే ఆపరేషనే మార్గం.

బెలూనుకు హద్దులు లేవని కాదు. అది కొవ్వును నొక్కి గోడకు అణుస్తుందని తొలుత అనుకున్నారు. నిజానికి కొవ్వు పొరను చీల్చి, గోడను సాగదీస్తుందని తర్వాత తెలిసింది. ఆ గాయం మానేటప్పుడు, గుండె నాళాలలో సుమారు మూడింట ఒక వంతు మందికి కొన్ని నెలల్లోనే మళ్ళీ ఇరుకు ఏర్పడేది. దానికి విరుగుడుగా, లోపలే ఉండిపోయే లోహపు జాలీ, అంటే స్టెంట్, 1986లో ఫ్రాన్స్, స్విట్జర్లాండ్‌లలో మొదటిసారి మనుషుల గుండె నాళాలలో పెట్టారు. అది చూడటానికి గ్రుంట్‌జిగ్ లేరు.

రోగుల విషయంలో అంత ఆచితూచి నడిచిన మనిషి, తన విషయంలో మాత్రం దూకుడుగా ఉండేవారు. గుండె నాళాల పరీక్ష ప్రమాదం కాదని చూపడానికి తన మీదే ఆ పరీక్ష చేయించుకుని, అదే సాయంత్రం విందుకు హాజరయ్యారని ఆయన సహచరులు చెప్పుకుంటారు. విమానం నడపడం ఆయనకు ప్రాణం. సొంత విమానం కొనుక్కున్నారు. 1985 అక్టోబరు 27, ఆదివారం. వాతావరణం బాగాలేదు. జార్జియా సముద్రతీరంలోని ఇంటి నుంచి అట్లాంటాకు, రెండవ భార్య, యువ వైద్యురాలు మార్గరెట్ ఆన్‌తో కలిసి తానే విమానం నడుపుతూ బయలుదేరారు. ఫోర్సైత్ అనే ఊరి దగ్గర విమానం కూలి ఇద్దరూ మరణించారు. ఆయనకు 46 ఏళ్ళు. దారి చూపిన చార్లెస్ డాటర్ కూడా అదే ఏడాది ఫిబ్రవరిలోనే కన్నుమూశారు.

ఆయన పోయాక 1987లో, జ్యూరిక్‌లో ఆయన చికిత్స చేసిన మొదటి 169 మంది దీర్ఘకాలపు లెక్కను సహచరులు ఆయన పేరుతోనే ప్రచురించారు. అందులో 133 మందికి చికిత్స ఫలించింది. మిగతావారి సంగతి కూడా దాచలేదు. మనిషి వెళ్ళిపోయాక కూడా ఆయన పుస్తకం సరిగ్గా ముగించబడింది. లెక్కలవాడిగా ఇంతకంటే గొప్ప నివాళి నాకు తోచదు.

నేను బతికి ఉండి ఎడమ చేత్తో సంచి మోసుకుంటున్నానంటే, ఎన్నడూ చూడని ఆ మనిషికి రుణపడి ఉన్నాను. ఆ రుణం తీర్చుకునే దారి ఒక్కటే కనిపిస్తోంది. మిత్రులారా, ఈసారి బి.పి. చూపించుకున్నప్పుడు రెండు చేతులకూ చూడమని అడగండి. అడగడానికి మొహమాటపడకండి. పై అంకెలో 15, 20 తేడా ఉంటే డాక్టరుకు చెప్పండి. ఎక్కువ వచ్చిన చేతి అంకెనే మీ అసలు బి.పి.గా రాసుకోండి. పని చేస్తే చెయ్యి లాగడం, కళ్ళు తిరగడం ఉంటే వయసు మీద నెట్టేయకండి. బైపాస్ జరిగినవారు మరీ జాగ్రత్త. ఛాతీలోంచి గుండెకు కలిపే నాళం సాధారణంగా ఈ ఎడమ చేతి ధమని నుంచే వస్తుంది. ఇది సన్నబడితే గుండెకూ ఇబ్బందే. పొగ తాగే అలవాటు ఉన్నవారు ఈ రోజే మానండి. నాళాలు పూడటానికి అదొక పెద్ద కారణం.

మన నెలవారీ సమావేశంలో బి.పి. చూసే ఏర్పాటు ఉంది కదా. ఇకపై ప్రతి సభ్యుడి పేరు ఎదుట ఒక గడి కాక, కుడి, ఎడమ అని రెండు గడులు గీయవలసిందిగా సంఘం కార్యవర్గానికి మనవి చేస్తూ సెలవు తీసుకుంటున్నాను.